పడుగు, పేక, రంగు ఒకే అరుగు మీద

అంగరలోనో పులుగుర్తలోనో ఒక నేతగాడి ఇంటికి నూలు వచ్చే తీరు గమనించండి. మిల్లులో వడికిన నూలు చిలపలుగా కట్టలు కట్టి వస్తుంది. రంగు ఎక్కడో వేరే ఊళ్లో వేసి ఉంటుంది. అంచు ఎలా ఉండాలో, బుటా ఎంత దూరంలో పడాలో మాస్టర్ వీవరో సంఘమో ముందే చెప్పేస్తుంది. ఇక నేతగాడి వంతు నాడె విసరడం, కొలత ప్రకారం చీర దింపడం. ఆ దారం ఏ పత్తిదో, ఎంత మెలి పెట్టి వడికారో, ఆ ఎరుపులో ఏముందో అతనికి చెప్పేవాళ్లు లేరు, అతను అడిగే వీలూ లేదు. చేనేతలో కొత్తదనం తగ్గిందని వినబడినప్పుడల్లా డిజైనర్లను పిలిపించండి, కంప్యూటర్ బొమ్మలు ఇప్పించండి అంటారు. నా నమ్మకం వేరు. వడికే మనిషి, రంగు అద్దే మనిషి, నేసే మనిషి రెండు రోజులు ఒకచోట కూర్చుంటే పుట్టే ఆలోచన బయటినుంచి తెచ్చిన ఏ బొమ్మకన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. అలా కూర్చోవడానికి గోదావరి డెల్టాలో రామచంద్రపురం కన్నా అనువైన ఊరు నాకు తోచడం లేదు.

ఎందుకో చెబుతాను. ఈ పట్నానికి ఒక పక్క అంగర, ఒక పక్క పులుగుర్త. గోదావరి దాటితే అమలాపురం పక్కన బండారులంక. కాకినాడ మీదుగా సముద్రం అంచుకు వెళితే ఉప్పాడ. అన్నీ మగ్గం ఆడే ఊళ్లే. కూతవేటు దూరంలో ఉన్న ద్రాక్షారామంలో 17వ శతాబ్దంలోనే డచ్చి ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టుకుంది. వాళ్లు అక్కడికి వచ్చింది భీమేశ్వరుడి దర్శనానికి కాదు, బట్టల కోసం. ఆ తర్వాత ఇంజరంలో, బండమూర్లంకలో ఇంగ్లీషువాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు దిగడానికి కారణమూ అదే. సామర్లకోటలో 1780ల్లో కాపురమున్న విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు మన చుట్టుపక్కల చెట్టూ చేమా పరీక్షించి, 1795లో అచ్చు మొదలైన కోరమండల్ తీరపు మొక్కల పుస్తకంలో చిరివేరును బొమ్మతో సహా వివరించాడు. చిరివేరు అంటే మన తీరం ఎరుపు రంగుకు తల్లివేరు. అంకుడు ఆకు నుంచి నీలిమందు తీయవచ్చని చూపిందీ ఆయనే. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది ఈ అంకుడు కర్రతోనే. ఆ బొమ్మలకు మళ్లీ చెట్ల రంగులు పట్టించిన సి.వి. రాజు గారిని 2023లో పద్మశ్రీ వరించింది. బొమ్మ మీద నిలిచిన రంగు నూలు మీద నిలవదా అని అడగాల్సిన నేతగాడు, ఆ బొమ్మ తిప్పే మనిషీ ఒకరినొకరు చూసుకునే సందర్భం మాత్రం ఉండదు.

బ్రిటన్‌లో ఇలాంటి కూడికలు ఒక అలవాటుగా సాగుతున్నాయి. వడికేవాళ్లు, నేసేవాళ్లు, రంగులద్దేవాళ్లు ఊరూరా సంఘాలు కట్టుకున్నారు. 1955లో వాటన్నిటికీ కలిపి ఒక సమాఖ్య ఏర్పడింది. ఆ దేశంలో చెట్ల రంగుల మీద మళ్లీ మక్కువ కలిగించిన వాళ్లలో ముఖ్యురాలు ఎథెల్ మెయిరె. ఆమె తొలి భర్త ఆనంద కుమారస్వామి. ఆయనతో కలిసి 1903లో సింహళం వెళ్లి అక్కడి చేతిపనివాళ్లను దగ్గరగా చూసింది. 1916లో చెట్ల రంగుల మీద పుస్తకం రాసింది. అంటే అక్కడి కదలికకు ఉన్న వేళ్లలో ఒకటి మన వైపు నేలలోనే ఉంది. తేడా ఒకటుంది. అక్కడ ఎక్కువమందికి ఇది మనసుకు నచ్చిన వ్యాపకం. ఇక్కడ ఇది కూడు పెట్టే పని. కాబట్టి కూడిక ఎలా జరగాలో వాళ్లను చూసి నేర్చుకోవచ్చు గానీ, ఎందుకు జరగాలో మన ఇళ్లను చూసి తేల్చుకోవాలి.

మన దగ్గరా ఈ పేరంటం జరిగిన రోజులున్నాయి. 1921లో విజయవాడలో కూర్చున్న కాంగ్రెస్ కమిటీ దేశమంతా 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభల పక్కనే ఖద్దరు ప్రదర్శన పెట్టారు. వాకిట్లో వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. ఆ పిల్ల ధైర్యాన్ని అందరూ చెప్పుకుంటారు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఇంకొకటి: నూలు బట్టను చూడడానికి టిక్కెట్టు కొనాలి అన్నంత గౌరవం ఆనాడు కాకినాడలో ఉంది. అఖిల భారత ఖద్దరు బోర్డు పుట్టిందీ ఆ సభల్లోనే.

ఇక పనిలోకి వద్దాం. వడకడంతో మొదలు. డెల్టాలో రాట్నం దాదాపు కనుమరుగైంది, కనుక శ్రీకాకుళం జిల్లా పొందూరు నుంచి పట్టుశాలి ఆడపడుచులను పిలవాలి. వాళ్ల పని వాలుగ చేప దవడతో మొదలవుతుంది. ఆ ఎముకకున్న సన్నని పళ్ల వరసతో గింజ ఉన్న పత్తిని దువ్వుతారు. చెత్త, పొట్టి పీచు రాలిపోయి పొడుగు పీచు మిగులుతుంది. ఆ దవడలను వాళ్లు గోదావరి వైపు నుంచే తెప్పించుకుంటారని వింటే మనవాళ్లకు ఒళ్లు పులకరిస్తుంది. తర్వాత చిన్న పలక మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. వింటితో ఏకుతారు. ఏకులు చుట్టి, తేమా దుమ్మూ తగలకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుంటారు. 24 ఆకుల రాట్నం, ఒంటి కదురు. అలా వడికిన నూలు 100 నంబరు దాకా వస్తుంది. 840 గజాల చిలప ఒక పౌనుకు ఎన్ని తూగుతాయో అదే నూలు నంబరు. కాబట్టి 100 నంబరంటే అర కిలోకు తక్కువైన దూదిని 84,000 గజాలు సాగదీయడం.

ఇది చూస్తే మన నేతగాడికి ఏం లాభం? మిల్లు నూలు మొదటినుంచి చివరిదాకా ఒకే మందం. చేతి నూలులో మందం కొంచెం కొంచెం మారుతుంది, మెలి కూడా. మెలి తక్కువైన పోగు గంజినీ రంగునీ బాగా తాగుతుంది, మెలి ఎక్కువైనది గట్టిగా ఉంటుంది కానీ రంగు లోపలికి తీసుకోదు. పడుగుకు గట్టి మెలి, పేకకు వదులు మెలి వేసి, ఒకే రంగు తొట్టిలో రెండూ ముంచితే బట్ట మీద రెండు ఛాయలు పడతాయి. ఏ బొమ్మా లేకుండానే వెలుగు నీడలు ఆడే చీర అది. ఈ చిట్కా వడికే మనిషి నోటివెంట రావాలి, నేసే మనిషి చెవిన పడాలి. కాగితం మీద గీసే బొమ్మకు అది అందదు.

పడుగు సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఒకప్పుడు తెల్లవారుజామున వీధి పొడుగునా పడుగు చాచి, గంజి పెట్టి, ఇద్దరు చెరో పక్కన నిలబడి కుంచెతో దువ్వుతూ నడిచేవాళ్లు. ఎండ ముదరక ముందే, గంజి గట్టిపడక ముందే పని అయిపోవాలి కనుక ఇరుగుపొరుగు చేతులు కలపక తప్పదు. చేనేత వీధిలో రోజూ జరిగే అసలైన కూడిక అదే. ఎవరి పడుగులో ఏ చాళ్లు ఉన్నాయో వీధంతటికీ కనబడేది. పిల్లలు అక్కడే నేర్చుకునేవాళ్లు. ఇప్పుడు గంజి పెట్టి దోనెకు చుట్టిన పడుగు నేరుగా ఇంటికొస్తుంది. ఒళ్లు అలవకుండా పోయింది, అది మంచిదే. కానీ ఆ వీధి బడి మూతపడింది. రెండు రోజుల కూడికలో ఒక తెల్లవారుజామును పూర్తిగా దీనికి ఇవ్వాలి. రామచంద్రపురంలో ఏదైనా నిడుపాటి వీధిలో పడుగు చాచి, కుర్రాళ్ల చేతికి కుంచె ఇవ్వాలి.

రంగు దగ్గర మాత్రం తొందర పనికిరాదు. కృష్ణా డెల్టాలోని పెడన కలంకారీ పనివాళ్లు ఇక్కడికి గురువులు. వాళ్ల పద్ధతి ఇలా ఉంటుంది. కోరా బట్టను పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరబెట్టి తెలుపు చేస్తారు. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేస్తారు. కరక్కాయలోని వగరు నూలును పట్టుకుని కూర్చుంటుంది. పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా అడ్డుతుంది. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే ఒక ద్రావణం వస్తుంది. అది కరక్కాయ పట్టిన బట్టను తాకగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు అద్దుతారు. అప్పటికి అక్కడ ఎరుపేమీ కనబడదు. బట్టను పారే నీళ్లలో బాగా జాడించి, మిగిలిన పటిక పోగొట్టి, రాగి డేగిసాలో ఎరుపునిచ్చే వేరుతో ఉడకబెట్టినప్పుడు పటిక ఉన్న చోట మాత్రమే ఎరుపు లేస్తుంది. వేరులో ఉండే అలిజరిన్, పటికలోని అల్యూమినియం, నూలు మూడూ ముడిపడితే ఆ ఎరుపు ఇక ఉతుకులకు లొంగదు.

ఆ అలిజరిన్‌నే 1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబె, లీబర్‌మాన్ ప్రయోగశాలలో తయారు చేశారు. చిరివేరు సాగు అక్కడితో కుప్పకూలడం మొదలైంది. 1897లో ఫ్యాక్టరీ నీలి అంగడికి వచ్చాక నీలిమందు తోటలకూ అదే గతి పట్టింది. ఇప్పుడు పెడనలోనూ చాలాచోట్ల డేగిసాలో పడేది ఫ్యాక్టరీ అలిజరినే. దాన్ని తప్పు పట్టను. తక్కిన పద్ధతి అంతా పాతదే నడుస్తోంది కాబట్టి వేరు దొరికితే రేపే మళ్లీ వేరుతో ఉడకబెట్టవచ్చు. దారి మూసుకుపోలేదన్నది నాకు కొండంత అండ.

నీలి పని చూడడానికే ఊరూ వాడా కదలాలి. నీలిమందు నీళ్లలో కరగదు. సున్నం, తగిరిస గింజల ఉడుకుతో తొట్టి కట్టి పులియబెడితే కరుగుతుంది, అప్పుడు తొట్టి పచ్చటి పసుపుగా మారుతుంది. నూలు ముంచి తీయగానే పచ్చగా ఉండి, గాలి తగిలిన కొద్దీ కళ్లెదుటే నీలమవుతుంది. ముంచు ఒక్కటైతే ఆకాశం రంగు, పది పన్నెండయితే అమావాస్య రాత్రి రంగు. తొట్టి ఆరోగ్యం వాసనతో, పైన తేలే నురగతో తెలుస్తుంది. అది పుస్తకం చదివి వచ్చే విద్య కాదు, తొట్టి పక్కన కూర్చుంటే వచ్చేది.

ఇక్కడే నీళ్ల మాట తేలాలి. ఇనుము ఉన్న బోరు నీళ్లలో ఉడకబెట్టిన ఎరుపు కమిలిపోయి గోధుమ రంగులోకి దిగుతుంది. అదే పటిక, అదే వేరు, కాలవ నీళ్లయితే వేరే ఎరుపు. బండారులంక నీళ్లు, ఉప్పాడ నీళ్లు, రామచంద్రపురం కాలవ నీళ్లు మూడు బిందెల్లో తెచ్చి, ఒకే నూలును మూడింట్లో ఉడికించి పక్కపక్కన ఆరేస్తే చాలు. ఊరికొక ఛాయ దొరుకుతుంది. ఆ ఛాయను ఇంకెవరూ కాపీ కొట్టలేరు. వేసవిలో గోదావరి కాలవలు కట్టేస్తారు, వానల్లో గుంటమగ్గాల్లోకి ఊట దిగుతుంది, గంజి ఆరదు. కనుక కోతలయ్యాక, పుష్యమాఘాల ఎండలో ఈ కూడిక పెట్టుకోవడం మేలు. చాలా చేనేత వీధుల్లో అమావాస్య నాడు మగ్గం ఆపే ఆనవాయితీ ఉంది. అమావాస్యకు దగ్గరగా వచ్చే శని ఆదివారాలు చూసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నేత విషయంలో ఉప్పాడ జాందానీవాళ్లు మనకు దగ్గరి పెద్దలు. 2009లో ఆ నేతకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొమ్మను గ్రాఫు కాగితం మీద గీసి, దారాలతో జాల కట్టుకుంటారు. జాల లాగితే ఏ పోగులు లేవాలో అవే లేస్తాయి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, సన్న కండెలతో బుటా పోగును చేత్తో చొప్పించి, ఆ తర్వాత నేల పేక వేస్తారు. బుటా లోపలా బయటా ఒకేలా ఉంటుంది, వెనక వేలాడే పోగు ఉండదు. పెద్ద పనైతే ఒక చీరకు నెలలు పడుతుంది. ఇప్పుడు అక్కడ ఎక్కువగా పట్టు నడుస్తోంది. పొందూరు నూలు పడుగు మీద, పెడన ఎరుపు పేకతో, ఉప్పాడ చేతులు ఒక్క గజం జాందానీ నేస్తే ఎలా ఉంటుందో చూడాలని నా మనసు ఉవ్విళ్లూరుతోంది.

అయితే ఎవరిని పిలుస్తాం అన్నది తేలిక ప్రశ్న కాదు. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు పనివాళ్లు తేలారు. వాళ్లలో నూటికి 72 మంది ఆడవాళ్లు. మగ్గం ముందు కూర్చున్న మనిషి ఫోటోలో పడతాడు. కండెలు చుట్టే, అచ్చు అతికే, రాట్నం తిప్పే ఆవిడ పడదు, చాలా ఇళ్లలో ఆవిడకు వేరే కూలీ కూడా లెక్కకట్టరు. ఈ కూడికలో ఆవిడకు వేదిక మీద చోటివ్వాలి, వంటశాలలో కాదు. రెండు రోజుల కూలీ ఇద్దరికీ ముందే చేతిలో పెట్టాలి. మగ్గం ఆగితే పొయ్యి ఆగే ఇంటివాళ్లను ఊరికే రమ్మనడం అన్యాయం. సంఘం ఒక వంతు, ఊళ్లో బట్టల దుకాణాలవాళ్లు ఒక వంతు భరిస్తే మోయలేనంత ఖర్చేమీ కాదు.

చివర్లో మిగలాల్సింది దండలు, ఉపన్యాసాలు కాదు, నమూనా ముక్కలు. ప్రతి ముక్కకూ ఒక చీటీ కుట్టాలి: ఏ నూలు, ఏ నంబరు, ఏ నీళ్లు, పటిక ఎంత, ఎన్ని ముంచులు, ఎవరు వడికారు, ఎవరు కండె చుట్టారు, ఎవరు నేశారు. ముక్కను సగానికి కోసి ఒక సగం పెట్టెలో దాచాలి. రెండో సగాన్ని నేతగాడి ఇల్లాలు నెల రోజులు ఎండలో ఆరేసి, మామూలు సబ్బుతో ఉతికి, ఏ రంగు నిలిచిందో ఏది వెలిసిందో రాసి పంపాలి. పసుపు కొమ్ము రంగు ఎండకు ఓడుతుంది, కరక్కాయ నలుపు నిలుస్తుంది. మిగతావాటి సంగతి ఆ నెలలో తేలుతుంది. నిలిచినవాటితోనే అంగర, పులుగుర్త మగ్గాల మీద వచ్చే ఏటి చీరలకు పడుగు పోయాలి.