పరిగె ఏరు ముగ్గురు స్త్రీలు

హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. పల్లెల బిడ్డలెందరో దాని వసతిగృహములలోను, ప్రక్కనున్న తార్నాకలోని అద్దె గదులలోను ఉండి చదువుకొనిరి; నేటికిని చదువుకొనుచున్నారు. తల్లి యేమి చేయునని తోటివారు అడిగినప్పుడు, కూలికి పోవునని చెప్పుటకు నోరు రాని బిడ్డలు వారిలో లేకపోలేదు. అట్టివారును, వారిని పంపిన తల్లిదండ్రులును చూడదగిన పటమొకటి కలదు.

అది ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు మిల్లే 1857లో ప్రదర్శించిన పటము. కోత ముగిసిన చేనిలో ముగ్గురు స్త్రీలు పరిగె ఏరుచున్నారు. ఇద్దరు నేలకు వంగియున్నారు; మూడవ యామె సగము వంగి తన చేతిలోని పరకలను చూచుకొనుచున్నది. దూరమున ఎండ వెలుగులో ఎత్తైన కుప్పలు, నిండుచున్న బండి, గుఱ్ఱముపై పనివారిని కనిపెట్టువాడు. సమృద్ధి యంతయు అక్కడ చిన్నదిగా కనబడును. పేదరికము ఇక్కడ పెద్దదిగా నిలిచియున్నది.

చదువరీ, రూతు చరిత్ర మనకు తెలియును. బోయజు ఆమె యెవరని విచారించి, ఆమెతో మాటలాడెను. మిల్లే పటములోనో, గుఱ్ఱముపైనున్నవాడు దగ్గరకు రాడు. చిత్రకారుడు మనలనే ఆ స్త్రీలయెదుట నిలువబెట్టెను. బోయజు నిలిచిన చోటు మనకు వచ్చినది. ఈ పటము బలమంతయు ఇందే యున్నదని నా తలంపు.

ఆ వెచ్చని వెలుగు పేదరికమునకు అందము పూసినదని కొందరు అనవచ్చును. అయితే ఆ మోటు చేతులను, బరువెక్కిన నడుములను చూడుడి. అక్కడ పూత యేదియు లేదు. పారిసు ధనికులకు ఈ పటము సుఖము నియ్యలేదు. ఒక విమర్శకునికి ఆ ముగ్గురి వెనుక 1793 నాటి విప్లవపు బల్లెములు కనబడెనట!

మిల్లే 1814లో గ్రూషీ అను కుగ్రామమున సేద్యగాని యింట పుట్టి, తానును పొలములో పాటుపడెను. 1837లో పారిసు చేరి చిత్రకళ నేర్చెను. పొట్టకూటికై పట్నమువారు మెచ్చు పటములు వ్రాసెను. 1849లో భార్యాబిడ్డలతో బార్బిజోను పల్లెకు కాపురము మార్చి, అప్పులతో పెనుగులాడుచునే పొలమును, పొలములోని మనుష్యులను చిత్రించెను. 1875లో అక్కడనే మరణించెను. నేడు ఆ పటము పారిసులోని ఓర్సే చిత్రశాలలో నున్నది.

చదువు అతనిని పల్లెనుండి తీసికొనిపోయెను. అయినను పల్లెను చూచి సిగ్గుపడుట నేర్పలేదు. పట్నములో నేర్చిన విద్యతోనే వంగిన నడుమును రాజుల పటములకు తగినంత గంభీరముగా నిలిపెను. తల్లులారా, మీ బిడ్డలకు రుసుముతోపాటు ఈ మాటయు పంపుడి: పొలములో వంగిన నడుము దాచవలసినది కాదు. బిడ్డలారా, మీరు నేర్చిన విద్య ఏదైనను, దానితో ఆ నడుమును గౌరవించుడి.