‘ఆడ’ పిల్ల

ఆడపిల్ల అంటే ‘ఆడ’ పిల్లే కాని ‘ఈడ’ పిల్ల కాదన్నది తెలుగు ఇళ్ళలో తరచూ వినిపించే మాట. వ్యుత్పత్తిగా ఇది తప్పు. ఆఁడుది, ఆండ్రు అన్న పాత రూపాలలో ఉన్నది స్త్రీవాచకం. దూరాన్ని తెలిపే ‘ఆడ’తో దానికి చుట్టరికం లేదు. ‘పుత్’ అనే నరకం నుంచి కాపాడేవాడు కనుక పుత్రుడన్న మనుస్మృతి నిర్వచనమూ ఇటువంటిదే. అవెస్తాలోనూ ‘పుథ్ర’ అంటే కొడుకే. ఆ నరకం మాత్రం అక్కడ లేదు. మాటల పుట్టుక కల్పితమైనా, వాటి మీద నిలిచిన ఆచారం నిజమైనది.

ఈ వివక్షకు మూలం వరకట్నమేనని చెప్పడం పరిపాటి. గురజాడ 1897లో కన్యాశుల్కానికి రాసిన ఆంగ్ల పీఠిక చదివితే ఆ వివరణ చాలదనిపిస్తుంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన బ్రాహ్మణ శుల్కవివాహాల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించారు. మొత్తం 1,034. వధువులలో ఐదేళ్ళవారు 99 మంది, నాలుగేళ్ళవారు 44, మూడేళ్ళవారు 36, రెండేళ్ళవారు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు! అక్కడ సొమ్ము ముట్టింది పిల్ల తండ్రికి. నాటకంలో పెద్ద కూతురు బుచ్చమ్మ విధవై ఇంట్లోనే ఉండగా, అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు బేరం పెడతాడు. ఆడపిల్ల ఖర్చు కాక ఆదాయమైన చోటకూడా ఆమె గతి అదే.

పేదరికం, చదువులేమి అన్న వాదం ఇంకా బలహీనం. అమెరికా 2000 జనగణన ఆధారంగా డగ్లస్ ఆల్మండ్, లీనా ఎడ్లండ్ 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికాలోనే పుట్టిన చైనా, కొరియా, భారత సంతతి పిల్లలలో తొలి సంతానం నిష్పత్తి సహజంగానే ఉంది. అంతకుముందు కొడుకు లేని ఇళ్ళలో మాత్రం మూడో కాన్పుకు మగపిల్లలు ఆడపిల్లలకంటే 50 శాతం ఎక్కువ. ప్రకృతి అంత పక్షపాతం చూపదు.

హింస దగ్గర ‘ఆడ’ అన్న మాట చేసే పని మరీ స్పష్టం. దెబ్బలు తిని వచ్చిన కూతురిని ‘నీ ఇల్లు అదేనమ్మా, సర్దుకుపో’ అని పుట్టిల్లు తిప్పి పంపుతుంది. అత్తిల్లు ఆమెను పరాయి పిల్లగానే చూస్తుంది. పెళ్ళయిన ఏడేళ్ళలోపు కాలిన గాయాలతోనో మరో అసహజ కారణంతోనో మరణించిన స్త్రీల కోసం 1986లో వరకట్న మరణమనే నేరాన్ని శిక్షాస్మృతిలో చేర్చవలసి వచ్చింది. ఆ ఏడేళ్ళలో ఆమె ఎన్నిసార్లు పుట్టింటి తలుపు తట్టిందో పోస్ట్‌మార్టమ్ నివేదికలో ఉండదు.

చట్టమూ కొంతకాలం ఈ మాటకు లోబడింది. 1985 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు వచ్చింది, అప్పటికే పెళ్ళయినవారికి తప్ప. ఆ గీతను చెరిపినది 2005 నాటి కేంద్ర సవరణ. ఇప్పటికీ పంపకాల నాడు అక్కచెల్లెళ్ళ చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకొని, చీర, పసుపు కుంకుమలతో సాగనంపే ఇళ్ళున్నాయి. ఆ సంతకాన్ని విదేశాల నుంచి పంపే డాక్టర్లూ ఇంజనీర్లూ ఉన్నారు.