మరవ ఎంత ఎత్తున ఉండాలి?

అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువుకే కాదు, ఏ చెరువుకైనా నిండిన నీళ్లు పొర్లిపోయే మరవ కట్ట కంటే కిందే ఉంటుంది. ఎంత కింద అన్నదే అసలు లెక్క. మరీ దించితే నీళ్లు నిలవవు, మరీ లేపితే కట్టకు ముప్పు. కట్ట తెగితే ఏమవుతుందో కట్ట నిలవాలని ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ విన్న ఊరికి చెప్పనక్కర్లేదు. డైవ్ కంప్యూటర్ కొనేవాళ్లకూ ఇదే లెక్క ఎదురవుతుంది.

నీటి అడుగున గాలి పీల్చేకొద్దీ ఒంట్లో నైట్రోజన్ కరుగుతుంది. గబుక్కున పైకొస్తే అది బుడగలు కడుతుంది. 1908లో హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, శరీరాన్ని 5 రకాల కణజాలాలుగా లెక్కగట్టి డైవింగ్ పట్టికలు ఇచ్చాడు. తర్వాత జూరిక్‌లో బూల్‌మన్ వాటిని 16 చేసి, ఒక్కో కణజాలం ఎంత నైట్రోజన్‌ను ఓర్చుకుంటుందో హద్దు గీశాడు. చేతికి కట్టుకునే కంప్యూటర్ ఈ లెక్కలు వేస్తూ, ఆ లోతులో ఇంకెన్ని నిమిషాలు ఉండొచ్చో చూపుతుంది.

ఆ హద్దుకు ఎంత ఇవతల ఆగమంటుందన్న చోటే ఒక్కో కంపెనీది ఒక్కో దారి. షియర్‌వాటర్‌లో 45/95, 40/85, 35/75 అని మూడు మెట్లుంటాయి. మొదటి అంకె, పైకొస్తూ మధ్యలో ఆగాల్సిన డెకో స్టాపులు ఎంత లోతులో మొదలవ్వాలో చెబుతుంది. రెండోది, పైకి తేలేసరికి హద్దులో ఎంత శాతం దాకా వెళ్లొచ్చన్నది. స్టాపులు అక్కర్లేని మామూలు డైవ్‌కు ఈ రెండో అంకే ముఖ్యం. ఓషానిక్ మోడళ్లలో ఒకటి ఉదారంగా, ఒకటి జాగ్రత్తగా నడిచే రెండు అల్గారిథమ్‌లు ఉంటాయి. సుంటోకు మొదటి నుంచీ కఠినమని పేరు. విధించిన స్టాపును ఎగ్గొడితే చాలా సుంటోలు 48 గంటలపాటు లెక్క చెప్పడమే మానేస్తాయి.

రోజుకు ఒక్క డైవ్ చేసేవాళ్లకు ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు. కాసేపే విరామమిచ్చి రెండోసారి, మూడోసారి దిగినప్పుడు తెలుస్తుంది.

అనంతపురం వాళ్లకు ఇంకో లెక్క ఉంది. సముద్ర మట్టానికి 300 మీటర్లు దాటితే డైవింగ్‌లో అది ఎత్తు ప్రదేశం కిందికే వస్తుంది. పట్టణం ఎత్తు సుమారు 335 మీటర్లు. రుషికొండలోనో నేత్రాణిలోనో డైవ్ చేసి ఇంటికి రావడమంటే, గాలి ఒత్తిడి తక్కువున్న చోటికి రావడమే. ఇంటి దగ్గర ఆ తగ్గుదల దాదాపు 4 శాతమే. కానీ విమానంలో వస్తే దిగే బెంగళూరు 900 మీటర్ల పైమాటే, విమానం క్యాబిన్‌లో ఒత్తిడి ఇంకా తక్కువ. అందుకే ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరుస డైవ్‌ల తర్వాత 18 గంటలు ఆగి విమానమెక్కమని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ (డాన్) సంస్థ సలహా.

ఇన్ని లెక్కలు తెలిసిన యంత్రానికి, కట్టుకున్న మనిషి వయసు, దప్పిక, రాత్రి నిద్ర తెలియవు. అవి తెలిసినవాడే మెట్టు మార్చుకోవాలి. కాబట్టి ఈ కాలమ్ మొగ్గు అతి కఠినమైనదాని వైపూ కాదు, అతి ఉదారమైనదాని వైపూ కాదు. జాగ్రత్త ఎంతో అంకెల్లో చూపించి, దాన్ని మార్చుకోనిచ్చేదే మంచి కంప్యూటర్. నిద్ర చాలని రోజు 35/75 పెట్టుకోండి. జోడీగా దిగినప్పుడు ఇద్దరి కంప్యూటర్లలో ఏది ముందు పైకి రమ్మంటే దాని మాటే ఇద్దరూ వినండి.