కుర్చీ చేసిన చేయి

ఒక గృహస్థు తన చదువుగదిలో నుంచుకొన్న వస్తువులను జూచినచో నాతని యభిరుచి తెలియును. ఆ వస్తువులను జేసినవారి పేర్లను నిలిపెనో లేదో చూచినచో నాతని న్యాయబుద్ధి తెలియును. మన ప్రాచీనవస్తుసంగ్రహములలో మొదటిది సమృద్ధిగా గలదు, రెండవది యరుదు.

హైదరాబాదున మూడవ సాలార్‌జంగు, మీర్ యూసుఫ్ ఆలీఖాను, తన నివాసమగు దివాన్ దేవిడీని వస్తుభాండారముగా నొనర్చెను. ఆయన 1949లో గతించిన పిదప, 1951 డిసెంబరు 16న ఆ గృహమే ప్రదర్శనశాలగా దెఱువబడెను. నాటి ప్రేక్షకులు కుర్చీలను, బల్లలను, గడియారములను ఒక మనుష్యుడు మసలిన గదులలోనే చూచిరి. 1968లో నవి మూసీ యొడ్డున నూతనభవనమునకు జేరినవి. ఇన్ని దేశముల పనితనమును సామాన్యుడు ఒక్కచోట జూడగల్గుట ఆ సేకర్త చలవయే. దానిని మేము కాదనజాలము.

అయినను అచ్చటి దంతపు కుర్చీల కథను వినుడు. ఫ్రాన్సు రాజు పదునాఱవ లూయీ వానిని టిప్పుసుల్తానునకు బంపెనందురు. ఇచ్చినవాని పేరు, పుచ్చుకొన్నవాని పేరు, సేకరించినవాని పేరు నిలిచినవి. చెక్కినవాని పేరు కథలో లేదు.

ఈ దోషము మా సీమకును గలదు. 18వ శతాబ్దిలో విశాఖపట్టణపు పనివారు చేవకఱ్ఱపై దంతపు రేకులు పొదిగి, వానిపై తీగెలను, పూవులను గీచి, ఆ గీతలలో నల్లని లక్కను నింపిరి. కుంపిణీ దొరల వ్రాతబల్లలును పెట్టెలును ఇట్లు తయారైనవి. వానిలో గొన్ని నేడు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నవి. ఆ పనికి ఊరి పేరు నిలిచినది; పనివాని పేరు నిలువలేదు.

దంతపుపని మరల రావలెనని మేము కోరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును, దాని సవరణములును ఆ వర్తకమును మాన్పించుట ధర్మమే. చేతినేర్పు బ్రతుకుటకు ఏనుగు చావనక్కఱలేదు. మా బలిఘట్టమున నుత్తరవాహినియైన వరాహనది దిగువనే ఏటికొప్పాక కలదు. అచ్చట అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి, తిరుగుచున్న కఱ్ఱకు రంగులక్కను ఒత్తుదురు. ఒరపిడి వేడికి లక్క కరగి పట్టును. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇచ్చటను గుర్తింపు ఊరి పేరుననే!

పాతకుర్చీని పట్టుగుడ్డతో దుడిచి, దానిని జేసినవాని మనుమనిని వాకిట నిలువబెట్టు నింట కళాభిమానము లేదు, వస్తువ్యామోహమే కలదు. సోదరీసోదరులారా! మీ యింటికి బల్ల చేయించినపుడు దాని యడుగున వడ్రంగి పేరును, ఊరును, సంవత్సరమును వ్రాయింపుడు. నూఱేండ్లకు దానిని సేకరించువాడు మనము చేసిన తప్పు చేయకుండును.