నాయకుల కమాను, ఇర్విన్ గీత

మధురలో వైగై దాటి ఉత్తరపు గట్టున గోరిపాళయము మీదుగా నడచువారికి అమెరికన్ కళాశాల ప్రధాన భవనము ఎర్రని ఇటుక కమానులతో కానవచ్చును. 1881లో అమెరికా మిషనరీలు పసుమలైలో నెలకొల్పిన ఈ విద్యాలయము, ఇరువదవ శతాబ్ది తొలి దశకమున, జుంబ్రో దొర ప్రిన్సిపాలుగా నున్న కాలములో, ఇచటికి తరలివచ్చినది. దీనికి నమూనా గీసినవాడు హెన్రీ ఇర్విన్. సిమ్లాలో వైస్రాయి నివాసమును, మైసూరులో రాజప్రాసాదమును రూపొందించిన చేయి ఒక పాఠశాలకు సైతము అంత శ్రద్ధతో గీతలు గీయుట ఆ కాలపు మర్యాద.

పాత కట్టడములు చూచుట నాకు చిరకాలపు వ్యసనము. చూచుటలోను ఒక క్రమమున్నది. గుమ్మటము జోలికి పోకుండ మొదట గోడ పాదము చూడవలెను. నేల తేమ ఎంత ఎత్తు ఎగబ్రాకినదో, ఇటుకల నడుమ సున్నము నిలిచినదో రాలినదో, తరువాతి తరములవారు దేనితో మరమ్మతు చేసిరో అచటనే తెలియును. పిదప వరండా నీడ ఏ వేళకు ఎంతవరకు పరచుకొనునో గమనించవలెను. శైలి, శిల్పి పేరు మున్నగు విషయములు కడపట విచారించినను నష్టము లేదు.

కోయంబత్తూరులో తాపీ పనులు చేయించి చేయించి ముసలివాడైన మా మేనమామ, నేను ఈ కళాశాలను చూడబోయిన నాడు, నా వెంట వచ్చెను. ఆయన తెలుగు చదువనేరడు. ఇంట మాటాడునది మాత్రము తెలుగే. వరండా స్తంభమును అరచేత తడిమి, "సున్నపు గోడరా ఇది. దీనికి సిమెంటు పూస్తే ఊపిరాడదు, ఇటిక పొట్టుపొట్టుగా రాలిపోతుంది" అనెను. శాస్త్రమును అదియే చెప్పుచున్నది: గానుగలో నూరిన సున్నము తేమను పీల్చి మరల గాలికి విడిచిపెట్టును, సిమెంటు పూత ఆ దారిని మూసివేయగా, లోపల నిలిచిన నీటిలోని లవణములు ఇటుకలోనే స్ఫటికములై దానిని చీల్చును. బెల్లపు నీరు, కరక్కాయ రసము కలిపి సున్నమును పులియబెట్టిన మేస్త్రీలకు ఈ రసాయనము ఎవరును బోధింపలేదు. వేరొక ఊరిలో, పేరెత్తనక్కరలేని ఒక పాతబడికి, సిమెంటు పూసి పైన రంగు వేసి "పునరుద్ధరణ" అని ఫలకము తగిలించిరి. మూడు వర్షములకే పూత బుడగలెత్తినది, ఫలకము మాత్రము చెక్కుచెదరలేదు.

ఇర్విన్ అవలంబించిన శైలికి ఆంగ్లేయులు ఇండో-సారసెనిక్ అని పేరిడిరి. ఆ శైలికి చెన్నపట్టణమున పాదువేసినవారిలో అగ్రగణ్యుడు రాబర్ట్ చిషోమ్. ఇర్విన్ ప్రభుత్వ వాస్తుశిల్పి పదవికి వచ్చినది ఆయన తరువాతనే. ఈ చిషోమ్, నేపియర్ ప్రభువు గవర్నరుగా నున్న 1866-72 సంవత్సరములలో, శిథిలమైయున్న తిరుమల నాయకుని మహలును బాగుచేయు భారమును వహించెను. 1636లో కట్టిన ఆ మహలు, విజయనగరమునుండి వచ్చి మధురను ఏలిన తెలుగు నాయకులది. అందు ఇటుకపై గచ్చు పూసి తీర్చిన లావుపాటి స్తంభములు, రేకులు రేకులుగా చెక్కిన కమానులు, వాటి మీద గుమ్మటములు కలవు. ఆ మహలు గచ్చును దగ్గరనుండి పరిశీలించిన కన్నులు గీసిన గీతలే చెన్నపట్టణమునకు పోయి, ఇర్విన్ కాగితముల మీదుగా తిరిగి వైగై గట్టునకు వచ్చినవని నా ఊహ. దీనికి దస్తావేజు చూపుమన్నచో చూపలేను. రెండు కమానులను ఒకే పూట చూచినవారు నన్ను తప్పుపట్టరని మాత్రము ధైర్యము కలదు. పైగా కళాశాలకు కూతవేటు దూరమున ఆ నాయక వంశపు రాణీ మంగమ్మ తముక్కము మహలున్నది. 1959 నుండి అందు గాంధీ స్మారక సంగ్రహాలయము నడచుచున్నది.

మధురలోను కోయంబత్తూరులోను తరతరములుగా నివసించు మన తెలుగు కుటుంబములవారు పిల్లలకు నాయకుల పేరు చెప్పుదురు గాని, వారి గచ్చును చూపరు. ఒక ఆదివారము ఉదయము మహలు చూపి, వంతెన దాటించి, అనుమతి పుచ్చుకొని ఈ కళాశాల వరండాలోనికి తీసికొనిపొండు. మీ ఊరి పాతబడికి మరమ్మతు తలపెట్టిన కమిటీలో మీరుందురేని, సిమెంటు బస్తా విప్పుటకు ముందు, సున్నపు పని తెలిసిన ముసలి మేస్త్రిని వెదకి పిలిపింపుడు.