వేరు పట్టేదాకా

మైన్‌క్రాఫ్ట్ ఆటలోకి 2021లో నీళ్లలో బతికే ఆక్సొలాటల్ అనే ఉభయచరం వచ్చి చేరింది. ఆ ఆట ఆడే పిల్లలున్న ఇంట్లో ఇప్పుడు ఈ పేరు వినపడని రోజుండదు. తల చుట్టూ ఈకల్లాంటి మొప్పలు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నోరు. కొనిపెట్టమని పిల్లలు అడగడం తేలికే. దానికి ఇల్లు అమర్చడమే అసలు పని. 16 నుంచి 18 డిగ్రీల నీళ్లలో అది హాయిగా ఉంటుంది. 24 దాటితే నలిగిపోయి తిండి మానేస్తుంది, జబ్బు పడుతుంది. మన గుంటూరు బ్రాడీపేటలో మే నెల మిట్టమధ్యాహ్నం కుళాయి తిప్పి, ఆ నీళ్లతో చెయ్యి కడుక్కోవడానికే వెనకాడతాం. అలాంటి ఊళ్లో ఈ జంతువుకు పచ్చటి, చల్లటి తొట్టె అమర్చాలంటే ఎంత నేర్పు కావాలో చూద్దాం.

ముందు దాని పుట్టింటికి వెళ్లాలి. మెక్సికో సిటీ దక్షిణ భాగంలో, సముద్రమట్టానికి రెండువేల మీటర్లకు పైన ఉన్న సొచిమిల్కో కాలువలే ఇప్పుడు దానికి మిగిలిన సొంత చోటు. ఆ కాలువలు వాటంతటవి పుట్టలేదు. లోతులేని సరస్సులో రైతులు కర్రలు పాతి, వాటి మధ్య నీటిమొక్కలు, అడుగు బురద పొరలు పొరలుగా వేసి మడులు లేపారు. వాటిని చినాంపాలంటారు. మడికీ మడికీ నడుమ మిగిలిన నీరే కాలువ. గట్ల వెంట ఆహువెహోతె అనే విల్లో చెట్లు నాటారు. కర్ర చీకిపోయే నాటికి చెట్టు వేళ్లు గట్టును పట్టుకుంటాయి. ఆ చెట్టు సన్నగా, నిటారుగా పెరుగుతుంది కాబట్టి పైరుకు నీడ బెడద తక్కువ. నారు పోసే తీరు ఇంకా ముచ్చటైనది. కాలువ బురద తోడి పరిచి, కాస్త ఆరనిచ్చి, కత్తితో చిన్న చిన్న చదరాలుగా కోసి, ఒక్కో చదరంలో గుంట చేసి విత్తు వేస్తారు. మొక్క లేచాక చదరంతో సహా ఎత్తి నాటేస్తారు. వేరుకు కుదుపే తెలియదు. ట్రేలలో మిరప నారు కొంటున్న మన రైతులకు ఈ ఉపాయం విలువ వేరే చెప్పక్కర్లేదు.

తొట్టెలో మొక్కలు పెట్టే పనిలోనూ ఇదే కిటుకు కనిపిస్తుంది. ఆక్సొలాటల్ రాత్రిపూట అడుగున పాకుతూ ఇసుకను తోసుకుంటూ తిరుగుతుంది. ఇసుకలో గుచ్చిన లేత మొక్క తెల్లారేసరికి పైకి తేలుతుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు జావా ఫెర్న్, అనూబియాస్ లాంటివి ఎంచుకుంటారు. వీటి కాండం అడ్డంగా పాకుతుంది, దాన్ని ఇసుకలో కప్పెడితే కుళ్లుతుంది. రాయి మీదో కొయ్య మీదో ఆనించి దారంతో కట్టాలి. ఏ దారం అన్న దగ్గరే పనితనం బయటపడుతుంది. నైలాను గట్టిదే. కానీ ఎన్నాళ్లైనా అలాగే ఉండి, ఎప్పుడో వదులై, మొప్పల పోగులకు చిక్కుపడుతుంది. నూలు దారమైతే కొన్ని వారాల్లో నాని చీకి విడిపోతుంది. ఈలోగా వేళ్లు రాతి గరుకును పట్టేస్తాయి. కాండం మీద రెండు చుట్లు, ముడి రాతి అడుగున, బిగువు గోరు దూరేంత. అంతకు మించి లాగితే దారం కాండాన్ని కోసేస్తుంది. పత్తి పండే జిల్లాలో ఉండి ఇందుకు నైలాను వాడేవాళ్ల మీద నాకు కొంచెం కోపమే.

ఈ మొక్కలకు మసక వెలుతురు చాలు. రెప్పలు లేని ఆక్సొలాటల్ కళ్లకు కావలసిందీ అదే. తొట్టెలను తోటల్లా తీర్చిన తకాషి అమానో బాణీలో పైనుంచి దీపాలు గుప్పించి, అడుగంతా పచ్చిక పరచాలని ముచ్చటపడేవాళ్లు ఈ జంతువు జోలికి రాకపోవడం మంచిది.

ఇసుక మెత్తగా, సన్నగా ఉండాలి. ఆక్సొలాటల్ ఎరను కొరకదు. నోరు ఠక్కున తెరిచి నీటితో పాటు లోపలికి లాగేస్తుంది. గులకరాళ్లుంటే అవీ వెళతాయి, పేగులో అడ్డుపడతాయి. ఫిల్టరు నీళ్లు వేగంగా పారితే మొప్పలు ముందుకు వంగిపోతాయి. ఆ వంపు చూసి నీటి ధారను గోడవైపు తిప్పడం అనుభవజ్ఞుల పని.

మన ఎండ పనికొచ్చే ఘట్టం కూడా ఒకటుంది. జంతువును దించక ముందే ఫిల్టరులో బాక్టీరియా పెరగాలి. వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చేది అవే. చల్లటి నీళ్లలో అవి బద్ధకంగా పెరుగుతాయి. అందుకని తెలివైనవాళ్లు మొదటి వారాల్లో నీళ్లను చల్లబరిచే చిల్లర్ ఆపేసి, వెచ్చటి నీళ్లలోనే కొద్దికొద్దిగా అమోనియా వేస్తూ వాటిని పెంచుతారు. కృష్ణ నీళ్లు పడితే ముందు క్లోరిన్ విరగ్గొట్టాలి, లేకపోతే పెంచిందంతా చస్తుంది. అమోనియా, నైట్రైటు సున్నా చూపించాక నెమ్మదిగా చల్లబరుస్తారు. బాపట్ల, రేపల్లె వైపు రొయ్యల రైతులకు ఈ అమోనియా కిట్లు కొత్తేమీ కాదు.

ఇక చల్లదనం. నీటి మీద ఫ్యాను పెడితే పొడి ఎండలో మూడు నాలుగు డిగ్రీలు దిగుతుంది. 34 ఉన్నది 30 అవుతుంది. మనకు కావలసింది 18. చిల్లర్ తప్పదు. రంగు పోకుండా మిర్చి టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెట్టే ఊరికి ఈ లెక్క అర్థమవుతుంది. చిల్లర్ వెనక నుంచి వేడి గాలి కొడుతుంది కనుక దాన్ని గది బయట పెట్టడం మేలు. కరెంటు పోయినప్పుడు చలువ నిలవడానికి మూడు వైపులా, అడుగునా థర్మోకోల్ పలకలు వేయాలి. ఆగస్టు ఉక్కలో ఇంకో చిక్కు వస్తుంది. ముందు అద్దానికి చెమటపట్టి, నీళ్లు కారి చెక్క స్టాండు ఉబ్బుతుంది. రంగు వేసిన ఇనప స్టాండు మీద తొట్టె కనిపిస్తే, దాన్ని అమర్చినవారు ఒక వానాకాలం ముందే ఆలోచించారని అర్థం.

ఇదంతా అమర్చినా కాగితం పని మిగిలే ఉంటుంది. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఆక్సొలాటల్ ఉంది. 2024 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం ఇలాంటి జంతువులను పెంచేవారు వాటిని నమోదు చేయించుకోవాలి. చిల్లర్‌కు డబ్బు, కాగితానికి ఓపిక లేనివాళ్లకు నా సలహా ఒకటే. అదే తొట్టెలో అవే మొక్కలు కట్టి, కాలువ పరిగెలు వదలండి. కట్టడంలోని ఆనందం ఏమాత్రం తగ్గదు.

ఆక్సొలాటల్ పుట్టింట్లో మాత్రం పరిస్థితి బాగాలేదు. తిండి కోసమని తెచ్చి వదిలిన కార్పు, తిలాపియా చేపలు గుడ్లనూ పిల్లలనూ తినేశాయి. ఊరి మురుగు కలిసింది. 1998లో చదరపు కిలోమీటరుకు 6,000 దాకా ఉన్నాయని లెక్కేస్తే, 2014 నాటికి 36 మిగిలాయి. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు, చినాంపా రైతులు కలిసి కొన్ని కాలువల మూతులకు వడపోత అడ్డుకట్టలు కట్టారు. చేపలు లోపలికి రావు, నీరు మొక్కల మధ్య తేటపడుతుంది. పెంపకంలో పుట్టిన 18 ఆక్సొలాటల్‌లను అలాంటి ఒక కాలువలోనూ, మనుషులు తయారుచేసిన మరో చిత్తడి నేలలోనూ వదిలారు. ఆ ఫలితం 2025లో వెలువడింది. గమనించినన్నాళ్లూ అన్నీ బతికాయి. మళ్లీ పట్టి తూచినవి బరువు కూడా పెరిగాయి.