అభియోగపత్రం చేసిన సాహిత్య విమర్శ

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో, అశోక్‌నగర్ పోటీపరీక్షల కుర్రాళ్ళు రాజ్యాంగం 21వ అధికరణం వల్లెవేస్తుంటే, నేను చెరబండరాజు కవిత్వం చదువుతున్నాను. 1974 నాటి సికింద్రాబాద్ కుట్రకేసులో ఆయన ముద్దాయి. కవిత్వమే కుట్రకు సాక్ష్యమన్నది ప్రభుత్వం. కవిత ఆవేశం కలిగిస్తుందనటం విమర్శ. కలిగిస్తుంది గనుక నేరమనటం పాలకవర్గ రాజకీయం.

1989లో కేసు వీగిపోయింది. చెరబండరాజు 1982లోనే మరణించాడు. ఆ తీర్పును న్యాయవ్యవస్థ స్వతంత్రతకు రుజువుగా చూపేవారు పదిహేనేళ్ళను లెక్కలోకి తీసుకోరు. ఎవరిపై కేసు పెట్టాలో, ఎంతకాలం సాగదీయాలో పాలకులే నిర్ణయిస్తే, న్యాయస్థానానికి మిగిలేది చివరి వాక్యమే. అప్పటికి శిక్ష అమలైపోతుంది.

మన విమర్శకులూ ఈ కేసును కవి జీవితంలో విషాదఘట్టంగా రాసి వదిలేశారు. అది చాలదు. రాజ్యం ఆ కవిత్వాన్ని ఎలా చదివిందో చెప్పకుండా ఆ కవిత్వ చరిత్ర పూర్తికాదు.